ఆగమన కాలం మొదటి ఆదివారం: నోవా సువార్త మన ఊళ్లో ఎలా వినాలి?

టీచరమ్మ_నరసాపురం
24 నవంబరు 2025, రాత్రి 9.10

అందరికీ వందనాలు. నిన్న క్రీస్తురాజు పండుగతో లూకా సువార్త చదివే సంవత్సరం అయిపోయింది. వచ్చే ఆదివారం, 30వ తేదీన ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల ఎదురుచూపు, మొదలవుతుంది. గుడి పఠనాలకు ఏ, బి, సి అని మూడేళ్ల వరుస కదా, 'సి' సంవత్సరం పోయి 'ఏ' సంవత్సరం వస్తుంది, ఇక ఏడాది పొడుగునా మత్తయి సువార్త వింటాం.

మా విచారణలో (పారిష్‌లో) ఆ రోజు మొదటి పఠనం చదివే వంతు నాది. యెషయా 2:1-5. కత్తుల్ని నాగటి కర్రులుగా సాగగొట్టే మాట అందులోనే ఉంది. రెండు రోజులుగా ఇంట్లో పైకి చదువుకుంటున్నాను, సంతోషంగా ఉంది. నా బాధంతా సువార్త దగ్గర. మత్తయి 24:37-44. నోవా రోజుల్లో జనం తింటూ, తాగుతూ, పెళ్లిళ్లు చేసుకుంటూ ఉన్నారు, జలప్రళయం వచ్చి అందర్నీ కొట్టుకుపోయేదాకా వాళ్లకు ఏమీ తెలియలేదు అని ప్రభువు చెప్పే భాగం.

మొంథా తుపాను వచ్చి ఇంకా నెల కాలేదు. అక్టోబరు 28 రాత్రి మనలో ఎవరూ మర్చిపోలేరు. పునరావాస కేంద్రంలో రెండు రాత్రులు గడిపిన మామ్మగారు ఒకరు గుడిలో రోజూ నా పక్కనే కూర్చుంటారు. పోయిన వారం ప్రార్థన కూడికలో ఒకాయన "ఇది సర్వేశ్వరుడు కొట్టిన దెబ్బ, ఊళ్లో పాపం పెరిగిపోయింది" అనేశాడు. మామ్మగారు అక్కడ ఏమీ అనలేదు. ఇంటికి వెళ్లే దారిలో నా చెయ్యి పట్టుకుని అడిగారు: "నేనేం పాపం చేశానమ్మా? నా రేకులే ఎందుకు లేచిపోయాయి?"

నా దగ్గర జవాబు లేదు. ఆదివారం ఆ సువార్త వింటే ఆమెకు మళ్లీ ఆ దెబ్బ మాటే వినపడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఈ భాగాన్ని మీరెలా అర్థం చేసుకుంటున్నారో చెప్పండి. ఫాదర్ గారిని కూడా అడుగుతాను, కానీ ముందు నాకు తెలియాలి.

---

భీమవరం_కోడలు
24 నవంబరు, రాత్రి 10.25

టీచర్ గారూ, నేను లూథరన్ ఇంట పుట్టి కతోలిక ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. మా పుట్టింటి గుడిలో కూడా ఆగమన కాలం ఉంది, నాలుగు ఆదివారాలూ ఉన్నాయి. కాబట్టి అది నాకు కొత్త కాదు.

కానీ ఈ భాగంలోనే 40, 41 వచనాలు నన్ను చిన్నప్పటి నుంచి భయపెట్టాయి. పొలంలో ఇద్దరు ఉంటే ఒకడు తీసుకోబడతాడు, ఒకడు విడిచిపెట్టబడతాడు. తిరగలి దగ్గర ఇద్దరు స్త్రీలుంటే ఒకామె తీసుకోబడుతుంది, ఒకామె మిగిలిపోతుంది. మా వీధిలో సభలు పెట్టే పాస్టర్లందరూ దీన్ని 'సంఘం ఎత్తబడుట' అనే చెబుతారు. తొమ్మిదేళ్ల వయసులో ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. అమ్మా నాన్నా ఎత్తబడిపోయారు, నేను మిగిలిపోయాననుకుని గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. అమ్మ పక్కింట్లో పప్పు రుబ్బుతోంది.

కతోలికులు ఈ రెండు వచనాలకు ఏమంటారు? నా కూతురికి ఇప్పుడు ఎనిమిదేళ్లు.

---

కౌలురైతు_ఆకివీడు
25 నవంబరు, ఉదయం 5.50

టీచర్ గారూ, నేను చెప్పడానికి పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదండి. మూడెకరాలు కౌలుకి చేస్తున్నాను. స్వర్ణ, అదే మన మార్టేరు 7029 రకం. గింజ పాలు పోసుకునే టైములో గాలి పడింది. చేను చాప పరిచినట్టు పడుకుంది. కింద పడిన వెన్నులకు మొలకలు వచ్చేశాయి.

మొన్న 16న మలాకీ ప్రవక్త పఠనం చదివారు. కొలిమిలా మండే రోజు వస్తుంది, గర్విష్ఠులంతా కొయ్యకాళ్లలా కాలిపోతారు అని. కొయ్యకాళ్లంటే నాకు తెలిసినంత ఎవరికి తెలుసండి? ఏటా కోత అయ్యాక చేలో మిగిలేవి అవే కదా. ఆ పూట గుడిలో తలెత్తలేకపోయాను. మామ్మగారి ప్రశ్నే నాదీ.

---

పెద్దఉపదేశి
25 నవంబరు, మధ్యాహ్నం 2.30

అమ్మా, బాబూ, నాకు 74 ఏళ్లు. కోనసీమలో నలభై ఏళ్లు ఉపదేశిగా, అంటే ఊళ్లో వేదం నేర్పేవాడిగా, చేశాను. కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మామ్మగారికి ముందు ఈ మాట చెప్పమ్మా. ఈ సంవత్సరమే మార్చి 23న, తపస్సు కాలం (ఈస్టరుకి ముందు నలభై రోజులు) మూడో ఆదివారం, లూకా 13వ అధ్యాయం విన్నాం. సిలోయములో బురుజు కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో మిగతా అందరికంటే పాపులనుకుంటున్నారా అని ప్రభువే అడిగి, కాదు అని ప్రభువే జవాబు చెప్పారు. ఆ జవాబు మామ్మగారిదే. రేకులు లేచిన ఇల్లూ లేవని ఇల్లూ పక్కపక్కనే ఉంటే, వాటి మధ్య తేడా మేకులదీ గాలివాటుదీ. పాపానిది కాదు.

ఇప్పుడు నోవా భాగం మళ్లీ చదువు. తినడం, తాగడం, పెళ్లి చేసుకోవడం. వీటిలో తప్పు ఏది? ప్రభువే కానా పెళ్లికి వెళ్లారు. ఆదికాండంలో ఆ తరం దౌర్జన్యం గురించి రాసి ఉంది, నిజమే. కానీ ప్రభువు ఇక్కడ ఆ ఊసే ఎత్తలేదు. 'వారికి తెలియలేదు' అన్నారు. ఆయన బాధ అక్కడ ఉంది.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా వయసువాళ్లకు బాగా తెలుసు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతో గంటగంటకూ రేడియోలో వినడం, కబురు వచ్చినప్పుడల్లా గట్టు మీదికి పరుగెత్తడం. మా ఊరి ఏటిగట్టు మీద వంతులు వేసుకుని కాపలా కాశాం. రాత్రి పది నుంచి రెండు దాకా ఒక జట్టు, రెండు నుంచి తెల్లారేదాకా ఇంకో జట్టు. పెట్రోమాక్స్ లైటు, పారలు, ఇసుక నింపిన బస్తాలు.

కాపలా వాడు ఏం చూస్తాడనుకున్నారు? ఏటిని కాదు. ఏరు ఎలాగూ వస్తుంది. గట్టుకి ఊరి వైపు వాలు చూస్తాడు. ఎండ్రకాయ బొరియలోంచో ఎలక కన్నంలోంచో నీళ్లు ఊరుతున్నాయా అని. దాన్ని మేం బుంగ అంటాం. తేటనీరు ఊరితే కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. బురదనీరు వస్తే గట్టు లోపల మట్టి కోసుకుపోతోందన్నమాట. వెంటనే బస్తాలు వెయ్యాలి, లేకపోతే గండి.

ఇదే సువార్తలో ప్రభువు దొంగ మాట చెబుతారు. ఏ జామున వస్తాడో తెలిస్తే ఇంటి యజమాని మెలకువగా ఉండి కన్నం వేయనివ్వడు కదా అని. కన్నం అన్న మాట వినగానే నాకు ఆ బుంగ గుర్తొస్తుంది. ఇంకో సంగతి. గట్టు మీద మెలకువగా ఉన్నవాడు తన కోసం ఉండడు. కింద ఊరంతా నిద్రపోతోంది. బాలింతలు, పసిపిల్లలు, ముసలాళ్లు. మేం మేలుకుని ఉన్నాం కాబట్టే వాళ్లు పడుకోగలిగారు. తెల్లారి మా వంతు అయిపోతే మేం పడుకుంటాం, ఇంకొకరు మేలుకుంటారు. 'మెలకువగా ఉండండి' అని ప్రభువు అన్నప్పుడల్లా నాకు ఆ రాత్రులు కళ్లముందుకొస్తాయి.

ఫాదర్ గారికి కూడా ఇది చెప్పమ్మా, ఆయనకి నచ్చితే వాడుకుంటారు.

---

వేదశాస్త్ర_విద్యార్థి
25 నవంబరు, రాత్రి 8.40

ఉపదేశి గారూ, చాలా బాగా చెప్పారు. నేను గురువిద్యలో (ఫాదర్ అయ్యే చదువులో) వేదశాస్త్రం మూడో సంవత్సరం చదువుతున్నాను. ఒకటి మాత్రం కలపాలి, కోపగించుకోకండి. లూకా 13లో ప్రభువు 'కాదు' అని ఆగిపోలేదు. "మీరు మారుమనస్సు పొందకపోతే మీరందరూ అలాగే నశిస్తారు" అని కూడా అన్నారు. తుపాను శిక్ష కాదని మామ్మగారికి గట్టిగా చెప్పాలి. కానీ సువార్తలోంచి తీర్పును పూర్తిగా తీసేస్తే అది మనల్ని కదిలించడం మానేస్తుంది. ఆ మాట కూలిన బురుజు కింద ఉన్నవాళ్లకు కాదు, బయట నిలబడి వాళ్ల పాపాలు లెక్కపెడుతున్నవాళ్లకు చెప్పారు. కూడికలో మాట్లాడిన ఆయన వినవలసిన మాట అది.

భీమవరం అక్కా, మీ ప్రశ్నకు జవాబు రాస్తూ నాకే ఒక సంగతి కొత్తగా దొరికింది. ముందు మన శ్రీసభ (కతోలిక సంఘం) బోధ: ప్రభువు తన మహిమతో ఒక్కసారే, అందరి ఎదుటా వస్తారు. విశ్వాసుల్ని ముందుగా రహస్యంగా ఎత్తుకుపోయి మిగతావాళ్లను వదిలేస్తారని శ్రీసభ బోధించదు. ఆ 'ఎత్తబడుట' బోధ 19వ శతాబ్దంలో బ్రదరెన్ అనే ప్రొటెస్టెంటు సంఘాల ద్వారా బలపడింది. మన నరసాపురం ప్రాంతానికి బ్రదరెన్ మిషనరీలు 1836లోనే వచ్చారు, గోదావరి డెల్టా మిషన్ వాళ్లదే. కాబట్టి మన వీధుల్లో అది అంతగా వినపడటంలో ఆశ్చర్యం లేదు. వాళ్ల ప్రార్థనా జీవితం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. ఈ వచనం విషయంలోనే మన అవగాహన వేరు.

ఇప్పుడు ఆ వచనం. జలప్రళయం 'కొట్టుకుపోయింది' అనేచోట (39వ వచనం) గ్రీకులో ఒక క్రియ ఉంది. పొలంలో ఒకడు 'తీసుకోబడతాడు' అనేచోట (40) వేరే క్రియ ఉంది. ఆ రెండో క్రియకు వెంటబెట్టుకుపోవడం, చేర్చుకోవడం అని అర్థం. దాన్నే మత్తయి ఇంకెక్కడ వాడారో చూడండి. మొదటి అధ్యాయం 20, 24 వచనాలు: "మరియను చేర్చుకోవడానికి భయపడకు" అని దూత యోసేపుతో అనడం, యోసేపు ఆమెను చేర్చుకోవడం. అదే క్రియ. ఆ సువార్త మనం ఆగమన కాలం నాలుగో ఆదివారం, డిసెంబరు 21న వింటాం.

అంటే మొదటి ఆదివారం మిమ్మల్ని భయపెట్టిన మాటే నాలుగో ఆదివారం యోసేపు తలుపు తెరిచి మరియమ్మను ఇంట్లోకి చేర్చుకునే మాట. మీ పాపకు అలా చెప్పండక్కా.

---

భీమవరం_కోడలు
25 నవంబరు, రాత్రి 9.15

బ్రదర్ గారూ, చదివి ఏడుపొచ్చింది. పాప నిద్రపోయింది, రేపు చెబుతాను.

ఇంకొక్క మాట. ఇక్కడ డిసెంబరు ఒకటో తారీకు నుంచే స్టార్లు, సెమీ క్రిస్మస్ కేకులు, మైకులు. మన గుడిలో మాత్రం ఊదా రంగు వస్త్రాలు, మహిమ గీతం లేదు. పిల్లలు "మన దగ్గర పండుగ ఎందుకు లేదు?" అంటారు. నేను మాత్రం ఆ నాలుగు వారాలూ వదులుకోను. మొదటి రెండు వారాలు ప్రభువు మళ్లీ రావడం గురించి ఉంటాయని, డిసెంబరు 17 నుంచే బెత్లెహేము వైపు తిరుగుతామని ఈ ఇంటికి వచ్చాకే తెలిసింది.

---

కౌలురైతు_ఆకివీడు
26 నవంబరు, ఉదయం 5.40

ఉపదేశి గారూ, మీ గట్టు మాట రాత్రి మా ఆవిడకి చదివి వినిపించాను. బాగుందంది. కానీ నాకు ఒకటి మిగిలిపోయిందండి. ఏటికి గట్టుంది, కాపలా కాయొచ్చు. గాలికి గట్టేదండి? నేను నిద్రపోయి నష్టపోలేదు. ఆ రాత్రంతా మేలుకునే ఉన్నాను. మేలుకునే ఉండి చేను పడిపోవడం విన్నాను. మేలుకున్నవాడికి ఏం దక్కింది?

ఇంకోటి. కౌలు మాత్రం ఆగదు. పంట పోయినా బస్తాలు కొలవాల్సిందే అన్నారు చేను గలవాళ్లు. డిసెంబరు 14న పునీత యాకోబు గారి పత్రిక చదువుతారట, రైతు తొలకరి వాన కోసం, కడవరి వాన కోసం ఓపిగ్గా చూస్తాడు, మీరూ అలాగే ఓపిక పట్టండి అని. చెప్పడం తేలికండి.

---

పెద్దఉపదేశి
26 నవంబరు, ఉదయం 11.00

ఆయ్, నిజమే బాబూ. దానికి నా దగ్గర మాట లేదు. 1996 నవంబరు 6న తుపానుకి మా కొబ్బరితోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. ముప్ఫై ఏళ్ల చెట్లు. మేలుకునే ఉన్నాం మేమూ. పొద్దున్నే లేచి చూస్తే ఆకాశం మరీ ఖాళీగా కనపడింది, చెట్లు లేక. ఆ ఉదయం ఎవరికీ ఏ వాక్యం చెప్పలేదు నేను. పక్కింటివాళ్ల గోడ కింద ఉన్న మనిషిని లాగాం.

---

వేదశాస్త్ర_విద్యార్థి
26 నవంబరు, రాత్రి 9.30

అన్నయ్యా, గాలికి గట్టు లేదు. మీ మాట కాదనను.

కానీ యాకోబు గారి గురించి ఒకటి చెప్పాలి. 14వ తేదీ పఠనం యాకోబు 5:7 నుంచి 10 వరకు. ఆ వాక్యం 'కాబట్టి' అనే అర్థంతో మొదలవుతుంది. దేన్నిబట్టి? ఒకటి నుంచి ఆరో వచనం వరకు ఉన్నది ఆ రోజు చదవరు. అక్కడ యాకోబు గారు ధనికుల మీద మండిపడుతున్నారు. మీ పొలాలు కోసిన కూలీలకు మీరు ఎగ్గొట్టిన కూలి కేకలు వేస్తోంది, కోతగాళ్ల మొర ప్రభువు చెవిని పడింది అని నాలుగో వచనం. ఆ భాగం 'బి' సంవత్సరంలో, సామాన్య కాలం 26వ ఆదివారం వస్తుంది. రెండూ వేర్వేరు సంవత్సరాల్లో పడటంతో మనకి ఒకే మాటగా వినపడదు.

అంటే 'ఓపిక పట్టండి' అనేది హాయిగా కూర్చున్నవాడు నష్టపోయినవాడికి చెప్పిన మాట కాదు. కూలి అందని కోతగాళ్లతో, మీ మొర పైకి చేరింది అని చెప్పాక అన్న మాట. వాళ్లు మొరపెట్టుకోవడం తప్పని యాకోబు గారు ఎక్కడా అనలేదు. మీ కౌలు బస్తాల సంగతి ఆ మొరలో ఉంది. దాన్ని దాచుకోకండి, విచారణ సభలో పెట్టండి.

---

టీచరమ్మ_నరసాపురం
27 నవంబరు, సాయంత్రం 6.20

మూడు రోజులుగా మీ మాటలు మళ్లీమళ్లీ చదువుతున్నాను. కౌలు తమ్ముడు అడిగిన "మేలుకున్నవాడికి ఏం దక్కింది?" అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. మొన్న 23న విన్న క్రీస్తురాజు సువార్త తీసి చూశాను. లూకా 23:35-43. రాజు సిలువ మీద ఉన్నాడు. కింద అందరూ ఎగతాళి చేస్తున్నారు. పక్కన దొంగ "నన్ను జ్ఞాపకం చేసుకో" అన్నాడు. ఆ నొప్పిలో ఆయన మేలుకుని ఉన్నారు కాబట్టే ఆ మాట విన్నారు. ఆయనకూ ఏమీ దక్కలేదు ఆ గంటలో. పక్కవాడికి దక్కింది.

పదకొండవ భక్తినాథ పాపుగారు (పోప్ పయస్) ఈ పండుగను స్థాపించి ఈ డిసెంబరు 11కి సరిగ్గా నూరేళ్లు. 1925, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రాజ్యాలు కూలిపోతున్న రోజులు. మొదట అక్టోబరు చివరి ఆదివారం చేసేవాళ్లు, తర్వాత దైవార్చన సంవత్సరం (ఆగమన కాలంతో మొదలయ్యే గుడి సంవత్సరం) చివరికి మార్చారు. మార్చడం ఎంత మేలైందో నాకు ఈ ఏడాదే తెలిసింది. సిలువ మీది రాజుతో సంవత్సరం ముగిశాకే నోవా సువార్త వినాలి. వరుస తప్పితే భయమే మిగులుతుంది.

ఉపదేశి గారూ, మీ చిన్నప్పుడు ఎలా ఉండేది?

---

పెద్దఉపదేశి
27 నవంబరు, రాత్రి 8.00

లాటిన్ పూజ రోజుల్లో ప్రతి ఏడూ అవే పఠనాలమ్మా. సంవత్సరం చివరి ఆదివారం మత్తయి 24, మొదటి ఆదివారం లూకా 21. రెండూ కడవరి దినాల గురించే. చివరా మొదలూ ఒకదానికొకటి ముడివేసి ఉండేవి. ఇప్పటి మూడేళ్ల వరుస 1969 నవంబరు 30న, ఆగమన కాలం మొదటి ఆదివారంతో మొదలైంది. నాకు 18 ఏళ్లు. మూడేళ్లలో ఇంత వాక్యం వింటామా అని మా నాన్న ఆశ్చర్యపోయాడు. ఆయనకి చదువు రాదు, వినడమే. మళ్లీ ఇప్పుడు కూడా నవంబరు 30నే పడింది, పునీత అంద్రెయ గారి రోజు. ఆ రోజుకి దగ్గరగా ఉన్న ఆదివారమే ఆగమన కాలం మొదలు అని పిల్లలకి నేర్పేవాణ్ణి.

---

కువైట్_నుంచి_రాజోలు
28 నవంబరు, రాత్రి 11.50

టీచర్ గారూ, ఉపదేశి బాబాయ్ గారూ, వందనాలండి. మాకు ఇక్కడ శుక్రవారమే ఆదివారం పూజ. కాబట్టి మీకంటే రెండు రోజులు ముందే నాకు ఆగమన కాలం వచ్చేసింది. ఇవ్వాళ ఆ నోవా సువార్త విన్నాను.

నేను ఒక ఇంట్లో వంట పని చేస్తాను. నాతోపాటు శ్రీలంక అమ్మాయి ఉంటుంది. ఇద్దరిదీ ఒకే వంటగది, ఒకే గది. 'తిరగలి దగ్గర ఇద్దరు స్త్రీలు' అనగానే నాకు మేమిద్దరమే కనపడ్డాం. ఈ రోజే వాళ్ల దేశం మీద దిత్వా తుపాను పడింది. పొద్దున్నుంచి ఫోను చేస్తోంది, ఇంటికి కలవడం లేదు. కొండ కింద ఇల్లు. మొంథా రాత్రి మా అమ్మ ఫోను కలవనప్పుడు ఈ అమ్మాయే నా పక్కన తెల్లారేదాకా కూర్చుంది. ఆమె బౌద్ధురాలు. ఇప్పుడు నా వంతు. పక్కన కూర్చునే ఇది రాస్తున్నాను, బాబాయ్ గారి గట్టు మాట తనకి వచ్చీరాని అరబ్బీలో చెప్పాను.

ఇంకోటి రాయాలనుకున్నాను. ఈ నెల 9న లాతరాను మహాదేవాలయ (రోములో పాపుగారి దేవాలయం) పండుగ ఆదివారం పడింది కదా, ఆ రోజు యెహెజ్కేలు 47 చదివారు. దేవాలయం గుమ్మం కింద నుంచి నీళ్లు పుట్టి తూర్పుకి పారి, ఉప్పుసముద్రంలో కలిసి, ఆ నీటిని మంచినీరు చేస్తాయి. ఒడ్డున చెట్ల ఆకు వాడదు. మా ఊళ్లో తిరగబడి జరుగుతోంది, సముద్రం నీరు పైకొచ్చి మా నూతులు ఉప్పెక్కాయి. అందుకే ఆ పఠనం విన్నప్పుడు ఒళ్లు జలదరించింది. నీళ్లు చీలమండల దాకా, మోకాళ్ల దాకా, నడుము దాకా అని కొలిచే వచనాలు మాత్రం ఆ రోజు చదవలేదు, ఇంట్లో తీసి చదువుకున్నాను. మనం వరదని అలాగే కొలుస్తాం కదండీ. అక్కడ అదే కొలతతో దీవెనని కొలుస్తున్నారు. మామ్మగారికి అది కూడా చదివి వినిపించండి టీచర్ గారూ. నీళ్లంటే ఆమెకి భయం ఒక్కటే మిగలకూడదు.

---

భీమవరం_కోడలు
29 నవంబరు, ఉదయం 7.05

చెల్లీ, ఆ అమ్మాయి ఇంటి కబురు తెలిస్తే వెంటనే రాయి. మా ఇంట్లో జపమాల ఆమె కోసం చెప్పుకున్నాం.

---

కువైట్_నుంచి_రాజోలు
29 నవంబరు, రాత్రి 10.15

కలిసింది అక్కా. అందరూ ప్రాణాలతో ఉన్నారు, బడిలో తలదాచుకున్నారు. ఇల్లు పోయింది.

---

వేదశాస్త్ర_విద్యార్థి
29 నవంబరు, రాత్రి 10.50

సర్వేశ్వరునికి స్తోత్రం.

టీచర్ గారూ, రేపటికి ముందు ఒక చిన్న సంగతి. 'ఏ' సంవత్సరం మత్తయి 24:37తో మొదలై, వచ్చే ఏడాది నవంబరు 22న క్రీస్తురాజు పండుగకి మత్తయి 25:31-46తో ముగుస్తుంది. 'నేను ఆకలిగొన్నప్పుడు మీరు నాకు తినడానికి ఇచ్చారు' అనే సువార్త. బైబిలులో ఈ రెంటికీ మధ్య ఉన్నది ఒకటి రెండు పేజీలే, మనం మాత్రం దాటడానికి ఏడాది పడుతుంది. ఎలా మేలుకుని ఉండాలి అని రేపు అడిగినదానికి జవాబు ఆ రోజు వస్తుంది: ఆకలి, దాహం, పరదేశి, బట్టలు లేనివాడు, రోగి, చెరసాలలో ఉన్నవాడు. కువైట్ చెల్లి శుక్రవారం రాత్రే ఆ చివరికి చేరిపోయింది.

రేపటి రెండో పఠనం రోమీయులు 13:11-14. 386లో మిలాను తోటలో పునీత అగుస్తీను గారు గ్రంథం తెరిచి చదివి మారుమనస్సు పొందిన వచనాలు ఇందులోవే. నిద్ర లేవవలసిన వేళయింది అని మొదలవుతుంది. ఎవరు చదువుతున్నారో గానీ, ఆ మొదటి వాక్యం దగ్గర కొంచెం ఆగమనండి.

---

టీచరమ్మ_నరసాపురం
30 నవంబరు, మధ్యాహ్నం 1.30

ఇప్పుడే గుడి నుంచి వచ్చాను. మొదటి కొవ్వొత్తి వెలిగించాం. ఫాదర్ గారికి ఉపదేశి గారి గట్టు సంగతి శుక్రవారమే చెప్పాను. ఆయన ప్రసంగంలో సిలోయము బురుజుతో మొదలుపెట్టారు. "మొంథా మన మీద వేసిన శిక్ష అని ఈ గుడిలో ఎవరూ ఎవరితోనూ అనకూడదు" అని స్పష్టంగా అన్నారు. ఆ తర్వాతే నోవా దగ్గరికి వెళ్లారు. కూడికలో మాట్లాడిన ఆయన కూడా ఉన్నారు. పూజ అయ్యాక మామ్మగారి దగ్గరికి వచ్చి నిలబడ్డారు, మాట రాలేదు. ఆమే "రేకులు ఎప్పుడు వేయిస్తావు?" అని అడిగారు. బుధవారం వస్తానన్నారు.

దారిలో మామ్మగారు అన్న మాట ఇక్కడ పెట్టాలి. "తుపాను రాత్రి ఆ కేంద్రంలో నా పక్కన బాలింత ఉందమ్మా. కిటికీలోంచి జల్లు కొడుతోంది. పిల్లకి తడి తగలకుండా చాప అడ్డం పట్టుకుని కూర్చున్నా, చేతులు లాగేశాయి. అదీ కాపలాయేనా?" అని అడిగారు. అవును అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. వస్తూ వాళ్లింట్లో కాసేపు కూర్చుని యెహెజ్కేలు 47 మొత్తం, చీలమండల దగ్గర్నుంచీ, చదివి వినిపించాను.

కౌలు తమ్ముడూ, మీ చేను సంగతేమిటి?

---

కౌలురైతు_ఆకివీడు
1 డిసెంబరు, రాత్రి 8.30

నిలబడి ఉన్న ముక్క వరకు కోయించాను టీచర్ గారూ. పడిపోయిన చోట మిషను పట్టలేదు, కూలీలతో కోయించాం, వాళ్ల కూలి ముందు ఇచ్చేశాను. ధాన్యం ఆరబోశాం. తేమ 17 శాతం లోపు వస్తేగానీ తీసుకోరు, వాన మబ్బులు చూస్తూ పరదాలు కప్పడం, తీయడం. ఈ రెండు రాత్రులూ కళ్లం దగ్గరే కాపలా.

విచారణ సభలో కౌలు సంగతి చెప్పాను. మా ఊళ్లో నాలాంటి వాళ్లు ఇంకా పదకొండు మంది ఉన్నారని అప్పుడు తెలిసింది. చేను గలవాళ్లతో అందరం కలిసి మాట్లాడదామన్నారు ఫాదర్ గారు.

14న యాకోబు గారి పఠనం ఎవరు చదువుతున్నారని మా ఊరి గుడి ఉపదేశి గారిని అడిగాను. ఇంకా ఎవరికీ ఇవ్వలేదన్నారు. నేను చదువుతానని చెప్పానండి. ఎప్పుడూ మైకు ముందు నిలబడలేదు. 'కడవరి వాన' అన్నచోట గొంతు ఆగిపోతుందేమోనని భయంగా ఉంది.

---

టీచరమ్మ_నరసాపురం
1 డిసెంబరు, రాత్రి 9.00

ఆగితే ఆగనీ తమ్ముడూ, తొందరేం లేదు. రోజుకి రెండుసార్లు పైకి చదువు, ఒకసారి మీ ఆవిడకి వినిపించు. మొదటి ఆరు వచనాలు కూడా ఇంట్లో కలిపి చదువుకో, అప్పుడు ఏడో వచనం ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో నీకే తెలుస్తుంది. ఆ రోజు మీ గుడిలో పూజ ఎన్నింటికి? మామ్మగారు వింటానంటున్నారు, ఇద్దరం మొదటి బస్సుకి వస్తాం.

---

కౌలురైతు_ఆకివీడు
1 డిసెంబరు, రాత్రి 9.10

ఎనిమిదిన్నరకండి. బస్టాండు దగ్గర దిగి ఫోను చేయండి, బండి మీద వచ్చి తీసుకెళ్తాను.